కొండమంద ఇంటికి చేరుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేను మాత్రము మన బీరువాలలోని గ్రంథములలో కానరాని ఒక విద్యను గూర్చి మనవి చేయదలచితిని. కొండలపై చెదరిన పశువులను ప్రొద్దుగ్రుంకులోపల ఒకచోట చేర్చి ఇంటికి తెచ్చుటయే ఆ విద్య.

మన డుంబ్రిగుడ సీమ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. పల్లమున వరి, మెట్టను చోడి, సామ, వలిసె. తొలకరి మొదలు కోతలదాక మంద కొండ నెక్కవలసినదే. అచ్చట కంచె లేదు. త్రోవ ఒక్కటి కాదు. మంచు క్రమ్మినచో పది బారల దూరమున నున్న ఎద్దు కూడ కానరాదు. ఇట్టి తావున పశువులను కూర్చుట బలముచేత కాదు, పరిచయముచేత జరుగును.

ఏజెన్సీలోని గౌడు తెగవారికి పశుపాలనము తరతరముల వృత్తి. తక్కిన తెగలవారును తమ మందలను తామే కాచుకొనుట కలదు. నేర్పరియగు కాపరి మందవెంట పరుగెత్తడు. ముందు నడచు ముసలి ఆవు నెరిగి, దానిని ప్రక్కనుండి మెల్లగా మళ్లించును. తక్కినవి తామే మళ్లును. కొయ్యగంట సవ్వడినిబట్టి పశువు మేయుచున్నదో, బెదరి పరుగెత్తుచున్నదో చెప్పగలడు. తప్పిన పశువును ఎండవేళ నీడను, నీటిచెంతను వెదకును. ప్రొద్దువాలినపుడు ఇంటిత్రోవను వెదకును.

ఆస్ట్రేలియాలోని విశాలమైన పశుక్షేత్రములలో హెలికాప్టర్లతోను, మోటారు సైకిళ్లతోను మందలను కూర్చుచున్నారు. అమెరికా పశ్చిమసీమలలో నేటికిని గుర్రపురౌతులు ఈ పని చేయుట కలదు. వారి పశువులు వేలకొలది. కాల్చిన ముద్రయో, చెవిబిళ్లయో వానికి గుర్తు. మనవి పదులకొలదియే, ప్రతిదానిని రంగుచేతను, కొమ్ములచేతను ఎరుగుదుము. పద్ధతులు వేరైనను పని ముగియు తీరు ఒక్కటే: లెక్క సరిపోవలెను.

ఈ లెక్కయే నేను ముఖ్యముగా చెప్పదలచినది. సాలలో కట్టునపుడు ఒక పశువు తగ్గినచో, “రేపు అదే వచ్చునులే” అనుట మనలో కొందరికి అలవాటు. ఆ రాత్రి అది పొరుగువాని చేను మేయవచ్చును, చిరుతకు చిక్కవచ్చును, లోయలో ఈనుచుండవచ్చును. అంతకంటె భయంకరమైనది దొమ్మరోగము. దానిచే కొండపై చచ్చిన పశువును కోసి పంచుకొనుట మన ఏజెన్సీలో ఎన్నో ఇండ్లకు కీడు తెచ్చినది. ఆ రోగబీజములు నేలలో ఏండ్లతరబడి జీవించును, మనుష్యులకును సోకును. కావున కారణము తెలియక చచ్చిన పశువును ముట్టరాదు, చర్మ మొలువరాదు, తినరాదు. వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. గొంతువాపునకును, జబ్బవాపునకును తొలకరికి ముందే టీకాలు వేయించుట మంచిది. మంద నంతటిని ఒకచోట నిలుపగల ఊరికే అదియు సాధ్యము.

కోతలైన పిమ్మట పశువులను విడిచిపెట్టుట పూర్వాచారము. ఒక్క పంటతో సరిపెట్టుకొన్న కాలమున అది చెల్లినది. నేడు కూరగాయలును, కాఫీతోటలును, రెండవపంటయు వచ్చినవి. విడిచిన మంద ఒకని ఏడాది కష్టమును ఒక్క రాత్రిలో తినివేయును. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము మేపుకొను హక్కును సామూహిక హక్కులలో చేర్చినది. హక్కుతోపాటు బాధ్యతయు వచ్చును. ఏడాది పొడవునను కాపరి నుంచి, గింజలుగానో, రూకలుగానో ఇంటివంతున అతనికి ముట్టజెప్పుటకు గ్రామసభలో తీర్మానించుకొనదగును. ఆ కాపరి బడియీడు బాలుడు కారాదు. సాలలో పశువుల లెక్క తప్పరాదు. బడిలో పిల్లల లెక్కయు తప్పరాదు.

గ్రంథాలయమువారికి నా విన్నపము ఒక్కటి. వృద్ధులగు కాపరులను పిలిపింపుడు. కొండత్రోవల పేర్లు, ఏ నెలలో ఏ వాలున గడ్డి యుండునో, ఏ ఊట వేసవిలో ఎండదో, ఏ పిలుపునకు మంద మళ్లునో చెప్పించి, చదువుకొన్న పిల్లలచే వ్రాయింపుడు. ఆ పుస్తకమును ఈ బీరువాలో మొదటి అరలో నుంచుడు. ఆ వృద్ధులు మన నడుమ నున్నపుడే ఈ పని జరుగవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.