ఎవరు చెప్పారు? ఎవరికి లాభం?

(మా సంఘం ఆత్మకూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికల్లో, టీవీలో, ఫోనులో వచ్చేదాన్ని ఎలా చదవాలో పిల్లలకు బడిలోనే నేర్పాలని ఈమధ్య అంతా అంటున్నారు. మంచి మాటే. అయితే ఈ చదువు మన ప్రాంతానికి కొత్త కాదు. ఉదయగిరి నియోజకవర్గం కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్లు ముప్పై ఏళ్ల కిందటే ఈ పాఠం చదివి, దేశానికి నేర్పారు.

1990ల మొదట్లో మన జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. కూలికి వెళ్లివచ్చిన తల్లులు రాత్రిపూట లాంతరు ముందు పలక పట్టారు. వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ ఉండేది. అది చదివి "ఇది మన కథే గదా" అన్నారు. అంతటితో ఆగలేదు. సారా ఎవరు పంపుతున్నారు, డబ్బు ఎవరికి పోతోంది అని అడిగారు. అడిగితే తేలిందేమిటి? పలక ఇచ్చిన ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో సారా ప్యాకెట్లూ ఊరూరికీ చేర్చింది!

రోశమ్మ గారి వంటివారు ముందుండి దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ గెలుపు "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై వాచకంలోకి ఎక్కి, ఊరూరా చదివించింది. 1992లో జిల్లా సారా పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఈ ఉద్యమానికి "ఈనాడు" ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. దానివల్ల ఎంతో మేలు జరిగింది. అయితే ఆ పత్రికకు తెలుగుదేశం వైపు మొగ్గు ఉందనీ, అప్పుడున్నది కాంగ్రెసు ప్రభుత్వమనీ మనకు తెలిసిందే. వార్త నిజమే. అయినా అది అంత పెద్ద అక్షరాల్లో ఎందుకు వచ్చిందని కూడా అడగాలి. మనకు నచ్చిన వార్తను సైతం అలా అడగడమే అసలు చదువు.

2018లో తెలంగాణలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసులను పంపి, పాటలతో, డప్పులతో జనానికి నచ్చజెప్పించారు. అది మెచ్చుకోవలసిన పని. కానీ ఏది నిజమో, ఏది అబద్ధమో ఎప్పుడూ అధికారులే చెప్పాలి, మనం తలాడించాలి అనుకుంటే ప్రమాదం. ఏ పార్టీ ప్రభుత్వమైనా అక్షరాలు నేర్పడానికి వెనకాడదు. ప్రశ్న నేర్పడానికే జంకుతుంది. కాబట్టి ఈ చదువు పాఠ్యపుస్తకంలోకి వచ్చినప్పుడు, అందులో ప్రశ్న మిగిలిందా లేదా అని చూడవలసినవాళ్లం మనమే.

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. లైఫ్ సర్టిఫికెట్ వెంటనే పంపకపోతే పెన్షన్ ఆగిపోతుందని ఒక లింకు వస్తే, మంచి చేస్తున్నాననుకుని పదిమందికి పంపాను. ఒక మిత్రుడు దాన్ని నొక్కి, ఖాతాలో దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నువ్వు పంపావు గదా అని నమ్మాను" అన్నాడు, అంతే. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాటకు తల ఎత్తలేకపోయాను.

అటువంటి మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. దానికంటే ముందు, ఏది వచ్చినా పంపేముందు రెండే ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చెప్పారు? ఎవరికి లాభం? మనవళ్ల చేత కూడా వేయించండి. లాంతరు వెలుగులో ఆ తల్లులు అడగగలిగింది, ఇంత చదువుకున్న మనం అడగలేమా?