పియొనీ పూల మంటపము



ప్రభుత్వోద్యోగము చేయుచు కావ్యములు వ్రాసినవారు అన్ని దేశములందును కలరు. చైనాలో మింగ్ వంశము ఏలుచున్న కాలమున టాంగ్ షియాన్‌జు (1550–1616) అట్టివాడు. 1591లో ప్రధానామాత్యుని దోషములను ఎత్తిచూపుచు చక్రవర్తికి విన్నపము పంపినందున, ఆయనను దక్షిణపు కొనయందలి షూవెన్‌కు అల్పోద్యోగిగా పంపివేసిరి. పిదప సుయిచాంగ్ మండలాధికారిగా పనిచేసి, 1598లో కొలువు విడిచి స్వస్థలమైన లిన్‌చువాన్ చేరెను. ఆ యేటనే ‘మూదాన్ తింగ్’ అను 55 రంగముల సంగీతరూపకమునకు పీఠిక వ్రాసెను. ‘పియొనీ పూల మంటపము’ అని దాని అర్థము.

నాయిక డూ లీనియాంగ్ ఒక ఉన్నతాధికారి పుత్రిక. ఇంటి వెనుక ఉద్యానమున్నదనియే ఆమె యెరుగదు. తండ్రి నియమించిన వృద్ధగురువు ప్రాచీన గీతసంపుటిలోని తొలి గీతమును నీతిపాఠముగా బోధింపగా, ఆమెకది ప్రేమగీతముగా తోచెను. దాసి మాట విని చాటుగా తోటకు పోయి, వసంతశోభ చూచి వచ్చి నిద్రింపగా, విల్లో కొమ్మ చేతబట్టిన యువకుడొకడు కలలో కనబడెను. ఆ విరహముతో చిక్కి, తన రూపమును తానే చిత్రించుకొని, ఆమె మరణించెను. మూడేండ్లకు ఆ చిత్రము ల్యూ మెంగ్‌మేయ్ అను విద్యార్థికి దొరకెను. కలలోని యువకుడు అతడే. ప్రేతరూపమున వచ్చిన ఆమె మాట నమ్మి అతడు సమాధి త్రవ్వింపగా, ఆమె సజీవయై లేచెను.

ఉషాకన్య కలగన్న కథ తెలుగువారికి సుపరిచితమే. అచట చిత్రలేఖ ప్రియుని రూపము వ్రాసి చూపెను. ఇచట కన్యయే తన రూపమును వ్రాసి విడిచిపోయెను.

అయినను కథ కల్యాణముతో ముగియదు. తండ్రి అల్లుని సమాధిదొంగ యని కొట్టించెను. ఎదుట నిలిచిన బిడ్డను పిశాచమనెను. ఆమె జీవించియున్నదని చక్రవర్తి సన్నిధిని అద్దము పెట్టి నిరూపింపవలసి వచ్చెను. విధులను తు.చ. తప్పక పాటించు అధికారి కన్నబిడ్డను గుర్తింపలేకపోయెను. కొలువు లోతులు చూచిన కవి వ్రాసిన దృశ్యమిది.

దీనిని సూజౌ ప్రాంతపు కున్‌చూ బాణీలో పాడుదురు. వేణువు ప్రధానవాద్యము. వేదికపై తోట యుండదు. విసనకర్ర కదలికయు, పొడవైన తెల్లని అంగీచేతుల విసురును, పాటయు కలిసి ప్రేక్షకునికి తోటను చూపును. స్త్రీపాత్రలకు ప్రఖ్యాతుడైన మే లాన్‌ఫాంగ్, అరువది దాటిన వయస్సున, 1960 నాటి చలనచిత్రమున ఈ కన్యగా నటించెను. 2001లో యునెస్కో కున్‌చూను మానవజాతి మౌఖిక, అమూర్త వారసత్వపు మహాకృతిగా ప్రకటించెను.

ఈ రూపకమును స్త్రీలు ప్రాణప్రదముగా చదువుకొనిరి. ఊ రెన్ అను కవికి నిశ్చయమైన వధువు చెన్ తోంగ్ దీనికి వ్యాఖ్య వ్రాసి, వివాహమునకు ముందే కన్నుమూసెను. అతనిని పెండ్లాడిన తాన్ జె ఆ వ్యాఖ్యను కొనసాగించి తానును అకాలమరణము నొందెను. తరువాతి భార్య చియెన్ యీ తన మాటలను చేర్చి, నగలమ్మి, 1694లో ముగ్గురి వ్యాఖ్యను అచ్చువేయించెను.

నిజమైన ప్రేమ మృతులను సైతము బ్రతికింపవలెనని టాంగ్ భావము. చెన్ తోంగ్ తిరిగి లేవలేదు; ఆమె మాటలు మాత్రము మరి యిద్దరు స్త్రీల చేతులమీదుగా లోకమునకు చేరినవి.