జతకు 100 పూసలు



ఆదివారం మధ్యాహ్నాలు సంస్థ హాలులో పూసల కమ్మలు నేర్పే ముగ్గురు టీచర్లం మేము. నాలుగేళ్ల కిందట మీలో కొందరు పూసలు, సూదులు, కటింగ్ ప్లేయర్లు కొనిచ్చారు. అవి ఏమయ్యాయో మీకు చెప్పుకోవాలి. బడిలో లెక్కలు చెప్పేవాళ్లం కదా, ఇక్కడా లెక్కే చెబుతాం.

స్టీలు పళ్లెంలో మెత్తని గుడ్డ పరిస్తే పూసలు దొర్లిపోవు. మేము వాడేవి సుమారు 2 మిల్లీమీటర్ల సన్నపూసలు. నైలాన్ దారంతో మొదట 9 పూసలు పక్కపక్కన నిలబెట్టి కుట్టాలి. ఆ పైవరుసలో, కింది రెండు పూసల నడుమ కనిపించే దారానికి సూది తగిలించి, ఒక్కో పూస ఎక్కించాలి. గోడకు ఇటుకలు పేర్చినట్టే. వరుసకొక పూస తగ్గుతూ చివరికి 2 మిగులుతాయి. అక్కడికి 44 పూసలు. కొక్కెం తగిలించే చుట్టుకు 6. కమ్మకు 50, జతకు 100. కింద వేలాడే కుచ్చుల లెక్క వేరు. దారం చివర ముడివేసి కత్తిరిస్తే నాలుగు రోజుల్లో ఊడుతుంది. మిగిలిన కొసను మళ్లీ నాలుగైదు పూసల గుండా లాగాలి.

ఆ 44 ఎలా వచ్చిందో అయిదో తరగతితో బడి మానేసిన ఒక తల్లి మాకు చెప్పింది. "మొదటి వరుస, చివరి వరుస కలిపితే 11 టీచరమ్మా. అట్లాంటి జోడీలు 4." పదో తరగతిలో అంకశ్రేఢులు చెప్పడానికి మేము సగం పీరియడు తీసుకుంటాం!

శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో ఒకప్పుడు కొలిమిలోంచి బోలు గాజు గొట్టం సాగదీసి, ముక్కలు కోసి, అంటుకోకుండా బూడిద కలిపి కాల్చి, ఇలాంటి పూసలే చేసేవారు. పూస మనకు కొత్త కాదు. పూస కుట్టిన చేతికి ఎంత ముడుతుందన్నదే మాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటి ఏడాది చవక కొక్కేలు తెచ్చాం. వాటిలోని నికెల్ పడక కొందరికి చెవులు దురదపెట్టి రసి కారాయి. డబ్బు వాపసు ఇచ్చి స్టీలు కొక్కేలకు మారాం. అది చిన్న తప్పు.

పెద్ద తప్పు నిరుటి రంజాన్ ముందు జరిగింది. ఒక దుకాణం 300 జతలు అడిగింది, జతకు 40 రూపాయలు. సంతోషంగా ఒప్పుకొని ఆరు ఇళ్లకు పంచాం. గడువు 12 రోజులు. గడియారం పెట్టి చూస్తే జతకు 100 నిమిషాలు పడుతోంది. ఇంటికి 50 జతలంటే రోజుకు దాదాపు 7 గంటలు. సామానుకు 22 రూపాయలు పోతే మిగిలేది 18. గంటకు 11 రూపాయలు కూడా రాదు. ఈ లెక్క మేము ఒప్పుకోకముందే వేయాల్సింది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఎనిమిది రోజులు బడికి రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట గైరుహాజరు రాసింది మేమే, ఆ ఇంటికి పని పంపిందీ మేమే. వెళ్లి చూస్తే బల్బు కింద తల్లీ కూతురూ కుడుతున్నారు. తల్లి తలెత్తకుండానే అంది, "మీరే కదా నేర్పింది ఆపా." మా దగ్గర జవాబు లేదు. దుకాణం వారు రంగు కలవలేదని 20 జతలు తిప్పి పంపారు. మిగతా డబ్బు పండగ వెళ్లాక ఇచ్చారు.

ఇప్పుడు జత 110 రూపాయలు. స్టీలు కొక్కెంతో కలిపి సామాను 30. చేతికి 80, అంటే గంటకు 48. బడి పిల్లలు పనిదినాల్లో సూది పట్టకూడదు. అమ్మకం సగానికి పైగా పడిపోయింది. నలుగురు మానేశారు. వారిలో ఒకామె మళ్లీ ఆ దుకాణానికే కుడుతోంది. ఆమెకు అద్దె కట్టాలి, తప్పుపట్టలేం. ఆ అమ్మాయి మాత్రం పదో తరగతికి వచ్చింది.

అందుకని ఈ ఏడాది పూసలు కొనివ్వకండి. రెండు డబ్బాలు ఇంకా ఉన్నాయి. మీ ఇళ్లలో పెళ్లిళ్లకు రెండు నెలల ముందే ఆర్డరు చెప్పండి, సగం డబ్బు ముందుగా ఇవ్వండి. నలభై దాటిన తల్లులకు సూదిబెజ్జం కనిపించడం లేదు. పదకొండు మందికి చత్వారం కళ్లజోళ్లు కావాలి.

బయట బల్ల మీద 46 జతలు పెట్టాం. బేరమాడాలనిపించినవారు ముందు ఒక్క వరుస కుట్టి చూడండి. పళ్లెం, సూది అక్కడే ఉన్నాయి.