పాదం ముట్టుకుని చూడమందాం



కూలి చేసుకు బతికే మనకు కాళ్లే ఆస్తి. చుట్టా బీడీలతోనో, షుగరుతోనో కాలి రక్తనాళం పూడుకుపోతే ఆసుపత్రిలో బెలూన్‌తో తెరుస్తారు, స్టెంట్ వేస్తారు, లేదంటే బైపాస్ చేస్తారు. ఇంటికొచ్చాక జబ్బు పోయిందనుకుంటాం. పోలేదు. తెరిచిన నాళం మళ్లీ పూడొచ్చు. మొదటి ఏడాదిలోనే ఆ భయం ఎక్కువ. నొప్పి లేకుండానే సన్నబడొచ్చు.

అందుకే డాక్టరు చెప్పిన గడువు తప్పకూడదు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 1 చుట్టుపక్కల రావాలి. 0.9 కన్నా తగ్గితే పూడిక ఉన్నట్టు. పోయినసారికన్నా 0.15 తగ్గినా డాప్లర్ స్కాన్ తీయాలి. షుగరున్నోళ్లకు ఈ లెక్క ఒక్కోసారి తప్పుతుంది, స్కాన్ అడగండి.

అసలు పరీక్ష మొదలయ్యేదే పాదం మీద నాడి పట్టి చూడటంతో. ముట్టుకోకుండా చీటీ రాసి పంపితే ఊరుకోవద్దు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దు చేసింది. పాదం పట్టి చూడమనడం బతిమాలుకోవడం కాదు, హక్కు.

బీడీ మానండి. మందులు మధ్యలో ఆపొద్దు. కాలు ఉన్నట్టుండి చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగొద్దు. గంటల్లో కాలు పోతుంది.

కార్యకర్తలారా, వాడలో ఆపరేషన్ అయినోళ్ల గడువు తేదీలు రాసుకోండి, తోడు వెళ్లండి. ఒక పూట కూలి పోయినా కాలు మిగలాలి.

జై భీమ్!