కొలిమి శుద్ధిచేయునా?

(హిందూపురమున ఒక పఠనమందిరమునందలి ప్రసంగపాఠము)



"పాత ఇనుప సామాన్లు" అను కేక మన హిందూపురపు వీథులకు క్రొత్త కాదు. ఆ బండి కెక్కిన విరిగిన మంచపు పట్టె, చిల్లుపడిన బొక్కెన, కాలిపోయిన బోరుమోటారు ఎచ్చటికి పోవుచున్నవని విచారించువారు మాత్రము అరుదు. అవి తుక్కు అంగళ్లలో చేతులు మారి, తూముకుంట, గొల్లాపురము వైపున నున్నట్టి ఉక్కు కొలుములను చేరి, కరగి, దిమ్మెలై, కడ్డీలై, మరల మన మిద్దెలలోనికే వచ్చుచున్నవి.

అగ్నిలో పడినదెల్ల శుద్ధియగునని మనకొక నమ్మకము. ధర్మవరపు పాత పట్టుచీరలను చూచిన, అది నిజమే యనిపించును. మేలైన జరీ యనగా పట్టుదారముపై చుట్టిన సన్నని వెండితీగ, దానిపై బంగారు పూత. చీరను కాల్చిన పట్టు బూడిద యగును, వెండి కాలదు. ఆ బూడిదను వెలిగారముతో మూసలో వేసి కాచినచో 962 డిగ్రీలకడ వెండి కరగి ముద్దగా దిగును. కాని రాగితీగపై వెండి పూసిన జరీని కాల్చిన, ముద్ద రాగిదే. ప్లాస్టిక్ జరీయైన మసి తప్ప మిగులునది లేదు. తల్లినాటి చీరను అమ్మువారు ముందుగా జరీని పరీక్షింపించి, ముద్దను తమ యెదుటనే తూచుమని అడుగుట మేలు.

ఉక్కు సంగతి ఇంతకంటె కఠినము. విద్యుత్తుతో నడచు ఇండక్షన్ కొలిమి తుక్కును 1,600 డిగ్రీలవరకు కాచి కరగించునే గాని, దానిలోని రాగిని వెడలగొట్టలేదు. గాలి నూదినను రాగికంటె ముందు ఇనుమే కాలిపోవును. దిమ్మెను ఎఱ్ఱగా కాల్చి రోలర్ల నడుమ నొత్తునపుడు పైయినుము పొక్కై రాలును. రాగి ఆ పొక్కు క్రింద పేరుకొని, కరగి, ఉక్కు రేణువుల సందులలోనికి దిగును. అచ్చటనే బీటలు పుట్టును. రాగి యెక్కువైన కరుగులో స్పాంజి ఐరన్ వంటి శుభ్రమైన ఇనుము కలిపి పలుచన చేయుట యొక్కటే కొలిమివానికి గల యుపాయము.

పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019లో కియా కార్ల యుత్పత్తి మొదలైనది. అట్టి కర్మాగారములలో రేకును అచ్చుకు కోయగా మిగులు ముక్కల జాతి ముందే తెలియును, గుణము నిశ్చయము. మన వీథి తుక్కునకు ఆ భాగ్యము లేదు. అయినను దానిని పారవేయరాదు. టన్ను తుక్కు వాడిన 1.1 టన్నుల ఇనుప ఖనిజము, 630 కిలోల కోకింగు బొగ్గు మిగులునని 2019 నాటి కేంద్రప్రభుత్వ తుక్కు విధానము చెప్పుచున్నది.

కావున సుత్తి పట్టి యెండలో తుక్కు వేరుచేయు కూలివాని కన్నే మన మిద్దెకు మొదటి కాపు. వాని కూలి యెంతయో యెవ్వరును అడుగరు! మూతపడిన డబ్బాలో నీరు నిలిచియున్నను వాడే కనిపెట్టవలెను. కరుగులో పడిన నీరు ఒక్క క్షణములో పదునేడు వందల రెట్లకు మించి ఆవిరియై ఉబ్బి, కరగిన ఉక్కును దగ్గరి మనుష్యులపై చిమ్మును. మోటారు విషయములో అయస్కాంతమును వానికి తోడ్పడదు. రాగిచుట్టు ఇనుప పొట్టలో దాగియుండునుగదా.

బోరుమోటారును బండివానికి ఇచ్చుటకు ముందు చుట్టు విప్పించి, రాగిని వేరుగా తూచి అమ్ముడు. రాగికి ఇనుముకంటె ధర మిక్కుటము.