శూన్యము పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



జమాఖర్చులు కుదరనపుడు లెక్కలు వ్రాయువానికి రెండు దారులు గలవు. సరిపడునట్లు అబద్ధపు అంకె వేయుట యొకటి. తేడాను తేడాగనే చూపి కారణము వెదకుట రెండవది. శాస్త్రజ్ఞులు రెండవ దారిని నడచిన కథ యిది.

1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతమును ప్రకటించెను. 1926లో ష్రోడింగర్ ఎలక్ట్రాను నడకకు సమీకరణము కూర్చెను గాని, అది సాపేక్షతకు లోబడలేదు. 1928లో ఆంగ్లేయుడగు డిరాక్ రెండింటిని ఒక్క సమీకరణమున సంధించెను. అందుండి ఎలక్ట్రాను ఆత్మభ్రమణము తనంతట తానే వెలువడెను. వెంటనే ఋణశక్తి ఫలితములును వచ్చి పడెను. అక్కరలేని పద్దని డిరాక్ వానిని కొట్టివేయలేదు. ధనవిద్యుత్తు గల ప్రతి ఎలక్ట్రాను ఉండవలెనని 1931లో చెప్పెను. మరుసటి యేట ఆండర్సన్ విశ్వకిరణములలో దానిని కనుగొనెను.

ఈ విద్య తెలుగుసీమకు దూరము గాదు. నెల్లూరు మండలపు పుదూరున జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు రాజ్యాంగ రచనలో పాల్గొనిన న్యాయకోవిదులు. వారి కుమారులు రామకృష్ణన్ మద్రాసున తమ యింటనే భౌతికశాస్త్ర గోష్ఠులు జరిపి, 1962లో అచట వెలసిన గణితశాస్త్ర సంస్థకు ప్రథమ సంచాలకులైరి. డిరాక్ మాత్రికలపై 1972లో వెలువరించిన గ్రంథమునకు ఆ మాత్రికల వ్యాకరణమని పేరిడిరి. వ్యాకరణ మెరుగక కావ్యార్థము తెలియనట్లే, ఈ మాత్రికల నియమము లెరుగక డిరాక్ సమీకరణము బోధపడదు.

పిదప ఈ సమీకరణములు క్షేత్రసిద్ధాంతముగా పెరిగెను. శూన్యము వట్టిది కాదనియు, దానియందును కొంత శక్తి మిగిలియుండుననియు తేలెను. 1998లో రెండు బృందములవారు దూరపు విస్ఫోట నక్షత్రముల వెలుగును కొలిచి, విశ్వవ్యాకోచము నానాటికి వేగమందుచున్నదని కనుగొనిరి. అందుకు 2011లో నోబెల్ బహుమానము లభించెను. ఆ వేగమునకు కారణమైనదానికి కృష్ణశక్తి యని పేరు. విశ్వశక్తిలో నూటికి సుమారు 68 పాళ్లు అదియే. కంటికి కనబడు నక్షత్రములు, భూమి, పైరు, పశువు, మనుజుడు, సర్వమును కలిపి 5 పాళ్లకు మించవు.

శూన్యశక్తియే కృష్ణశక్తి యనుకొని లెక్కగట్టినచో, వచ్చు మొత్తము కొలిచినదానికంటె 1 ప్రక్కన దాదాపు 120 సున్నలు పెట్టినంత రెట్లు హెచ్చు! కృష్ణశక్తి కాలముతో మారుచుండవచ్చునని 2024, 2025లలో అమెరికా పరిశీలనలు సూచించినవి గాని, అది యింకను నిర్ధారితము కాలేదు. ఇంత తేడాను దాచక లోకమునకు చూపుటయే శాస్త్రజ్ఞుల నిజాయితీ.

చిరాగు అనగా దీపము. ఆ పేరు గల యూరి గ్రంథాలయపు బీరువాలలో కావ్యపురాణముల సరసన శాస్త్రగ్రంథములును చేరవలెను. ఆ తేడాను తీర్చు బిడ్డ యెచట చదువుచున్నదో యెవరికెరుక!