డాక్టర్ హబీబుల్లా గారి కాలేయ పరిశోధన – మన సొసైటీ పని
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం కోసం మనకు వచ్చే అర్జీల్లో ఒక రకం ఉంది. గల్ఫ్ మెడికల్‌కు వెళ్ళిన కుర్రాడికి హెపటైటిస్-బి అని తేలుతుంది, ‘అన్‌ఫిట్’ అంటారు. వీసాకు చేసిన అప్పు అలాగే ఉంటుంది. ఊళ్ళో గుసగుసలు మొదలవుతాయి, ఇంట్లో కంచం వేరు చేస్తారు. అలాంటివాళ్ళు మన దగ్గరకు డబ్బు అడగడానికి కూడా సిగ్గుపడుతున్నారు. అందుకే ఈ ఏడాది ప్రసంగానికి డాక్టర్ చిత్తూరు మహమ్మద్ హబీబుల్లా గారి కృషిని ఎంచుకున్నాం.

1937లో పుట్టిన హబీబుల్లా గారు హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో జీర్ణకోశ వైద్యులుగా పేరు పొందారు. 1997లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 2010లో కన్నుమూశారు. బిరుదుల కంటే ఆయన వేసుకున్న ప్రశ్న మనకు ముఖ్యం. కాలేయం హఠాత్తుగా పాడై, స్పృహ తప్పిన పేదవాడికి అవయవ మార్పిడి అందేది కాదు. మరి ఎలా? కాలేయానికి మళ్ళీ పెరిగే గుణం ఉంది. కొద్ది రోజులు దాని పనిని వేరే కణాలు అందుకుంటే, సొంత కాలేయం తేరుకోవచ్చు. ఈ ఆలోచనతో ఆయన బృందం గర్భస్థ పిండాల కాలేయ కణాలను ఏడుగురు రోగుల పొట్టలోకి ఎక్కించి, ఆ ఫలితాలను 1994లో ప్రచురించింది. ఏడుగురితో వైద్యం ఖాయమైపోదు, కొందరు బతకలేదు కూడా. అలాంటి కణాల వాడకంపై ధార్మికంగా అడగవలసినవి ఉలమాలనే అడగాలి. కానీ ఆ దారిలో పరిశోధన ఆగలేదు. డెక్కన్ వైద్య కళాశాలలోని కాలేయ పరిశోధన కేంద్రంలో మూలకణాల మీద పని జరిగింది. హెపటైటిస్-సి వైరస్ మామూలు జనంలో ఎంత ఉందో, రక్తదాతల్లో ఎంత ఉందో కూడా అక్కడ లెక్క తీశారు.

క్లోమం సంగతి కూడా ఒక మాట. క్లోమంలో రాళ్ళు పడి కడుపునొప్పి వస్తే ‘తాగుతాడేమో’ అంటాం. చుక్క ముట్టని యువకులకూ ఆ జబ్బు వస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, డాక్టర్ నాగేశ్వరరెడ్డి గారి బృందం కలిసి 2002లో దీనికీ, స్పింక్1 అనే జన్యువులో మార్పుకూ సంబంధం ఉందని చూపారు. మన నాలుకలు ఎంతమందిని అన్యాయంగా నిందించాయో!

హెపటైటిస్-బి కూడా కలిసి తింటే రాదు. తల్లి నుంచి బిడ్డకు కాన్పులో, సరిగ్గా శుభ్రం చేయని సూదుల ద్వారా, ఒకరి రేజరు మరొకరు వాడటం వల్ల రక్తం తగిలి, దాంపత్యంలో రావచ్చు. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు టీకా పడితే తల్లి నుంచి వచ్చే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దేశీయ టీకా తెచ్చాక ధర బాగా దిగింది. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. అయినా మనవాళ్ళు పసరు మందుకు వెళ్ళి, కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరాక వస్తున్నారు. అప్పుడు మనం ఇచ్చే లక్ష రూపాయలు అంబులెన్సుకూ, ఐసీయూకూ పోతున్నాయి.

ఆ సొమ్ములో కొంత ముందే ఖర్చు చేద్దామని మా విన్నపం. గర్భిణీలకు, గల్ఫ్‌కు వెళ్ళే కుర్రాళ్ళకు రక్త పరీక్ష చేయించడం, పాజిటివ్ వచ్చినవాళ్ళను ఆసుపత్రి దాకా తోడు తీసుకెళ్ళడం, ఇంట్లో మిగతావాళ్ళకు టీకా వేయించడం. జకాత్ నుంచి ఎంత, సదఖా నుంచి ఎంత అన్నది ఉలమాలు చెబుతారు. మొదటి శిబిరం రాజోలులో పెడదామనుకుంటున్నాం. పరీక్ష చేయించుకున్నవారి పేర్లు సొసైటీ రిజిస్టరులో రాయం, ఫలితం వారి చేతికే ఇస్తాం.